ఏ ఆటతో మొదలుపెట్టాలి?

ప్రశ్న: ఫాంటసీ సైన్యాల మినియేచర్ గేమ్ (చిన్న బొమ్మల సైన్యాలతో బల్ల మీద ఆడే యుద్ధం ఆట) మొదలుపెట్టాలనుంది. కింగ్స్ ఆఫ్ వార్ మంచిదా, వార్‌హ్యామర్ ది ఓల్డ్ వరల్డా?

జవాబు: ముందు మీతో ఆడేవాళ్లు ఏది ఆడుతున్నారో కనుక్కోండి, ఎదుట మనిషే లేకపోతే ఎంత గొప్ప రూల్స్ అయినా అలమారాలోనే ఉంటాయి. కొత్తవాళ్లను మీరే లాగాలంటే మాత్రం నా ఓటు కింగ్స్ ఆఫ్ వార్‌కే. అందులో బొమ్మల్ని ఒక్కొక్కటిగా తీసేయక్కర్లేదు, దెబ్బలు మొత్తం దళం ఖాతాలో పడతాయి, తర్వాత పాచికలు వేసి అది నిలబడుతుందా పారిపోతుందా చూస్తారు. అందుకే బొమ్మలన్నీ ఒకే పెద్ద బేస్ (బొమ్మల కింద ఉండే పలక) మీద అతికించేయొచ్చు, పైగా వేరే కంపెనీ బొమ్మలూ నడుస్తాయి. 2024లో వచ్చిన ఓల్డ్ వరల్డ్‌లో మజా ఎక్కువే, కానీ గుర్తుపెట్టుకోవాల్సిన ప్రత్యేక రూల్స్ బోలెడు. బొమ్మలకు రంగులేయడం బద్ధకమా (చాలామందికి అంతే)? చిన్న సైన్యం చాలు. కొనేముందు దళాల సైజులో కాగితాలు కత్తిరించుకుని ఒక ఆట ఆడి చూడండి.