అంధుల కోసం స్కాన్ పుస్తకాలను దిద్దాలంటే ఏం తెలిసి ఉండాలి?

ఉద్యోగం చేసుకుంటూ రోజుకు ఒక గంట మాత్రమే కేటాయించగలిగినవారు అంధ పాఠకుల కోసం స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలను దిద్దవచ్చా, అందుకు ఏ అర్హత కావాలి అని మీరు అడిగారు. తప్పకుండా దిద్దవచ్చు. తెలుగు శ్రద్ధగా చదవడం, యూనికోడ్‌లో (ఏ కంప్యూటరైనా గుర్తించే అక్షర సంకేత పద్ధతిలో) టైపు చేయడం వస్తే చాలు. కొన్నేళ్లుగా ఈ సేవ చేస్తున్నవాడిగా మీకు మొదట చెప్పదలచింది, ఇది కంటితో మాత్రమే ముగిసే పని కాదని.

స్కాన్ చేసిన పేజీ, తెరమీది అక్షరాలను పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు ఒక బొమ్మ మాత్రమే కాబట్టి, బొమ్మలోని అక్షరాలను గుర్తించే ఓసీఆర్ అనే సాఫ్ట్‌వేర్ దానిని అక్షరాలుగా మారుస్తుంది. పాత అచ్చులో ప, వ, ష ఒకదానికొకటి మారిపోతాయి, 'మ' కాస్తా 'వు' అవుతుంది, ఒత్తులు రాలిపోతాయి. ఇవి కంటికి దొరుకుతాయి. దొరకనిది సున్న. మాటలో ఉండవలసిన పూర్ణానుస్వారం (ం) స్థానంలో తెలుగు అంకెల సున్న పడితే తెరమీద తేడా కనిపించదు, కానీ వినేవారికి ఆ మాట మధ్యలో విరిగిపోతుంది. అందుకే నేను ఉచితంగా లభించే స్క్రీన్ రీడర్ అయిన ఎన్‌వీడీఏను తెలుగు గొంతుతో పెట్టుకుని, దిద్దిన ప్రతి పేజీనీ మళ్లీ వింటాను. చూపు తనంతట తాను సరిచేసుకుని దాటిపోయిన తప్పు చెవికి వెంటనే తగులుతుంది.

అంకెల విషయంలో మాత్రం చెవిని కూడా నమ్మవద్దు. 1857 అనే సంవత్సరం 1867గా మారినా వాక్యం సాఫీగానే వినిపిస్తుంది, పరీక్షకు చదువుకునే విద్యార్థి దానినే గుర్తుపెట్టుకుంటాడు. సంవత్సరాలు, లెక్కలు, వ్యక్తుల పేర్లు వచ్చిన ప్రతిచోటా స్కాన్ బొమ్మతో పోల్చి చూడాలి. అలాగే అరసున్నలను, బండి ఱలను, రచయిత మాండలికాన్ని నేటి వాడుకకు మార్చకూడదు. చూపున్న పాఠకుడికి అందిన పుస్తకమే అంధ పాఠకులకూ అందాలి.

అక్షరాల తరువాత పేజీ నిర్మాణం చూడాలి. ప్రతి పేజీ పైన అచ్చయిన పుస్తకం పేరును తీసివేయకపోతే అది వాక్యం మధ్యలో వచ్చి పడుతుంది. అధ్యాయాల పేర్లకు హెడింగ్ స్టైల్ ఇస్తే పాఠకుడు ఒక్క మీటతో వాటి మధ్య తిరగగలుగుతాడు. అక్షరాలను లావుగా చేసినంత మాత్రాన ఆ సౌకర్యం రాదు. అన్నిటికన్నా ఎక్కువ సమయం తీసుకునేవి పట్టికలు.

ప్రచురణకర్తల దగ్గర సాఫ్ట్ కాపీ ఉంటుంది కదా అని మీకు సందేహం రావచ్చు. చాలా తెలుగు పుస్తకాలు అను వంటి యూనికోడ్ కాని ఫాంట్లలో కూర్చినవి కావడంతో ఆ ఫైళ్లను స్క్రీన్ రీడర్ నేరుగా చదవలేదు. ఇక హక్కుల మాట: 2012లో సవరించిన మన కాపీరైట్ చట్టం వికలాంగుల కోసం ఇలాంటి ప్రతులు తయారుచేయడాన్ని అనుమతిస్తుంది. అది వారి వినియోగానికే పరిమితం కాబట్టి, దిద్దిన ఫైలును మీకు పని ఇచ్చిన సంస్థకు తప్ప స్నేహితులకు కూడా పంపకూడదు.

2016లో ప్రారంభమైన సుగమ్య పుస్తకాలయ వంటి, చూపులేనివారి ఆన్‌లైన్ గ్రంథాలయాలకు పుస్తకాలు సిద్ధం చేసే సంస్థలను సంప్రదించండి. ఎవరైనా విద్యార్థి ఎదురుచూస్తున్న పాఠ్యపుస్తకం ఉంటే అందులో ఒక్క అధ్యాయం అడిగి తీసుకోండి. అర్థం కాని చోట ఊహించి రాయకుండా, పేజీ సంఖ్యతో సహా గుర్తుపెట్టి ఫైలుతో పాటు పంపండి.