ఎమ్మెల్యేల ఓట్లు లెక్కపెడతానంటున్న మా మేనకోడలికి

అమ్మడూ,

మీ సంఘం కోసం నువ్వు తయారుచేసి పంపిన ఎక్సెల్ షీటు చూశాను. గ్రేటర్ హైదరాబాద్‌లో 24 మంది ఎమ్మెల్యేలు, పైన వరసగా పర్యావరణం బిల్లులు, ఆరోగ్యం బిల్లులు, ఓటేస్తే ఆకుపచ్చ, వేయకపోతే ఎరుపు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కానీ ఆ గళ్లు నింపడానికి కావలసిన సరుకు మన తెలంగాణ అసెంబ్లీలో దాదాపుగా తయారే కాదు. నీరుగారిపోకు, షీటు పారెయ్యమనడం లేదు, పైన రాసుకున్న హెడ్డింగులు మార్చమంటున్నా, అంతే.

మీ ఫ్రెండు అమెరికా నుంచి పంపిందన్న స్కోర్‌కార్డు సంగతి నాకు తెలుసు. లీగ్ ఆఫ్ కన్జర్వేషన్ ఓటర్స్ అని ఒక సంస్థ 1970 నుంచి అక్కడి కాంగ్రెస్ సభ్యులకు పర్యావరణం ఓట్ల మీద మార్కులేస్తోంది, రాష్ట్రాల్లో దాని అనుబంధ సంస్థలు అక్కడి శాసనసభ్యులకు కూడా వేస్తాయి. ఓటింగ్ రోజు డుమ్మా కొడితే వ్యతిరేకంగా వేసినట్టే లెక్క కడతారు. అక్కడ ఆ పద్ధతి నడుస్తుంది, ఎందుకంటే ఎవరు ఎటు వేశారో పేరుతో సహా రికార్డవుతుంది, పైగా సొంత పార్టీకి ఎదురు ఓటేసినంత మాత్రాన సీటు ఊడదు.

మన దగ్గర ఊడుతుంది. 1985లో 52వ సవరణతో రాజ్యాంగంలో పదో షెడ్యూలు చేర్చాక, పార్టీ విప్‌కి, అంటే ఇటే ఓటేయాలన్న పార్టీ ఆదేశానికి, ఎదురు ఓటేసినా, విప్ ఉండగా ఓటింగ్‌కి రాకపోయినా సభ్యత్వం పోవచ్చు, 15 రోజుల్లోపు పార్టీ పోనీలే అని మన్నిస్తే తప్ప. దాంతో మన ఎమ్మెల్యే ఓటు చాలావరకు ఆయన పార్టీ ఓటే. చెరువుల మీద ఎంత ప్రేమ ఉన్నా, తన ఊరి ఫ్యాక్టరీ మీద ఎంత కోపం ఉన్నా, చెయ్యెత్తే దగ్గర తేడా కనిపించదు. మంత్రులైతే మరీను, క్యాబినెట్‌లో ఒప్పుకుని వచ్చిన బిల్లుని సభలో కాదనరు కదా. 119 మంది సభలో ముఖ్యమంత్రితో కలిపి 18 మంది దాకా అక్కడే పోయారు, స్పీకరేమో సమానంగా వస్తే తప్ప ఓటే వెయ్యరు.

పైగా ఓటు అనేది జరిగే తీరు ఒకసారి చూడు. నేను ప్రెస్ గ్యాలరీలో కూర్చున్న రోజుల్లో చూసింది చూసినట్టు చెప్తాను. మంత్రి లేచి, బిల్లు పరిశీలనకు తీసుకోవాలని కోరుతున్నానంటారు. ఎవరైనా మాట్లాడతారు, లేదా మాట్లాడరు. తర్వాత స్పీకర్ కాగితం చూసి గబగబా చదువుతారు: అనుకూలంగా ఉన్నవాళ్లు ఎయ్ అనండి, వ్యతిరేకంగా ఉన్నవాళ్లు నో అనండి, ది ఎయిస్ హావిట్, ది ఎయిస్ హావిట్, అంటే ఎయ్ అన్నవాళ్లదే నెగ్గిందని. క్లాజులన్నీ కట్టగట్టి మళ్లీ అదే పాట, బిల్లు పాస్డ్. అప్పటికి ముందు వరసలో ఇద్దరు ఏదో కబుర్లలో ఉంటారు, వెనక బెంచీలో ఒకాయన ఫోను చూసుకుంటుంటాడు, ఎయ్ అన్నది మాత్రం పాతిక గొంతులు. ఎవరి గొంతు ఎవరిదో దేవుడికే తెలియాలి. దీన్నే మూజువాణి ఓటంటాం. ఏ సభ్యుడైనా లేచి డివిజన్ కావాలని పట్టుబడితే అప్పుడు తలలు లెక్కపెట్టాల్సి వస్తుంది, కానీ పర్యావరణం బిల్లు మీద డివిజన్ అడిగినవాళ్లు నా కంట పడటం అరుదు. ప్రతిపక్షానికి కోపమొస్తే వాకౌట్ చేస్తుంది, దాంతో ఉన్న కాస్త వ్యతిరేకత కూడా రికార్డులోంచి బయటికి నడుస్తుంది.

నీ షీటులో మొదటి బిల్లు హుక్కాది. 2024 ఫిబ్రవరిలో హుక్కా పార్లర్లు నిషేధిస్తూ పొగాకు చట్టానికి సవరణ తెచ్చారు, ముఖ్యమంత్రి తరఫున మంత్రి శ్రీధర్ బాబు గారు సభలో పెట్టారు, చర్చ లేకుండా ఏకగ్రీవంగా పాసైపోయింది. ఇప్పుడు ఆ వరసంతా ఆకుపచ్చ కొడతావా? ఆ రోజు సభకు రానివాడికి కూడా పడుతుంది ఆ ఆకుపచ్చ. దాని బదులు ఆ బిల్లు మీద ఒక్కరూ నోరెత్తలేదని రాయి, అది నిజం, పైగా వార్త.

2019 మున్సిపల్ చట్టం ఇంకా మంచి ఉదాహరణ. జులై 18న సభలో పెట్టారు, 19న పాస్ చేశారు. బడ్జెట్లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలి, నాటిన మొక్కల్లో 85 శాతం బతక్కపోతే వార్డు కౌన్సిలర్ పదవికే ముప్పు అని అందులో ఉంది. చదవడానికి ఇంతకన్నా పచ్చటి చట్టం ఉండదు. అయితే ఒక్క రాత్రిలో ఆ లావుపాటి బిల్లు ఎంతమంది చదివుంటారు, మొక్కలు చస్తే కౌన్సిలర్ పదవి తీసేయడం ఎంతవరకు సబబు అని అడిగినవాళ్లెవరు, బిల్లుని వివరంగా పరిశీలించే సెలెక్ట్ కమిటీకి పంపమన్నదెవరు? నీ గడిలో పెట్టాల్సింది ఇదీ. సవరణ ప్రతిపాదించడం, కమిటీకి పంపమనడం, ఈ రెండిట్లో ఎమ్మెల్యే సొంత బుర్ర కాస్త కనిపిస్తుంది.

తీర్మానాల దగ్గర జాగ్రత్త. తీర్మానమంటే అన్నీ ఒకటి కాదు. 2019 సెప్టెంబరులో నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని అసెంబ్లీ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. మంచిదే, ఉద్యమానికి బలం కూడా, కానీ చట్టపరంగా అది కేంద్రానికి చేసిన విన్నపమే. అలా వేరేవాళ్లని వద్దనే తీర్మానానికి చెయ్యెత్తడం ఏ పార్టీకీ భారం కాదు. మరో రకం ఉంది. ప్రజారోగ్యం, నీళ్లు రాష్ట్రాల జాబితాలోవి, వాటి మీద పార్లమెంటు చట్టం చేయాలంటే 252వ అధికరణ కింద రాష్ట్రాల సభలు తీర్మానం చేయాలి. 1974 నీటి కాలుష్య చట్టం అలా పుట్టిందే, అవయవ మార్పిడి చట్టమూ అంతే. మన రాష్ట్రం ఉమ్మడి ఏపీ నాటి 1995 చట్టాన్ని పక్కనపెట్టి కేంద్ర చట్టంలోకి మారడానికి 2025 మార్చిలో సభలో తీర్మానం చేసింది. 2024లో కేంద్రం నీటి చట్టానికి సవరణ తెచ్చి, చాలా తప్పులకు జైలు బదులు 10 వేల నుంచి 15 లక్షల రూపాయల జరిమానా పెట్టింది. అది మొదట హిమాచల్, రాజస్థాన్, కేంద్రపాలిత ప్రాంతాలకే, మిగతా రాష్ట్రాలకు వర్తించాలంటే వాళ్ల సభల్లో తీర్మానం కావాలి. పటాన్‌చెరు, జీడిమెట్ల లాంటి పారిశ్రామిక వాడలున్న రాష్ట్రంలో ఫ్యాక్టరీ యజమానికి జైలా జరిమానానా అన్నది రెండు లైన్ల తీర్మానంతో తేలిపోయే సంగతి. అలాంటిది ఎజెండాలో కనిపించిన రోజు మిగతా పనులు మానుకుని లైవ్ పెట్టుకుని కూర్చో.

ఇక అసలు మాట. మన సిటీ గాలినీ నీళ్లనీ మార్చేసిన పెద్ద నిర్ణయాలు చాలావరకు ఓటు దాకా రానే రావు. జీవో 111 తీసుకో. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ 10 కిలోమీటర్లు, 84 గ్రామాలు, 1996 మార్చిలో ఒక జీవోతో, అంటే ప్రభుత్వ ఉత్తర్వుతో, నిర్మాణాల మీద కట్టడి పెట్టారు. 2022 మార్చిలో అప్పటి ముఖ్యమంత్రి దాన్ని ఎత్తేస్తామని సభలో చెప్పారు, ఏప్రిల్‌లో జీవో 69 వచ్చేసింది. పెట్టినప్పుడూ ఓటు లేదు, ఎత్తినప్పుడూ లేదు. చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా పుట్టింది కూడా 2024 జులైలో జీవో 99తోనే. సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్లు కొట్టడానికి బుల్డోజర్లు దిగింది 2025 మార్చి నెలాఖరున, బడ్జెట్ సమావేశాలు ముగిసిన కొద్ది రోజులకే, ఆపింది సుప్రీంకోర్టు. నీ ఓట్ల షీటులో ఈ మూడిట్లో ఒక్కటీ ఉండదు. అంటే హైదరాబాద్‌లో గత ముప్పై ఏళ్ల పర్యావరణ చరిత్రలో ముఖ్యమైనవి వదిలేసి హుక్కా బిల్లు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాం.

అందుకని జీవోలకి వేరే షీటు పెట్టు. ఆ తర్వాతి సమావేశాల్లో దాని గురించి ఎవరు ప్రశ్న వేశారు, ఎవరు జీరో అవర్‌లో లేచారు, ఎవరు గమ్మున కూర్చున్నారు అని రాసుకో. ముఖ్యంగా ఒకే మనిషి అధికార పక్షంలో ఉన్నప్పుడు ఏమన్నాడు, ప్రతిపక్షంలోకి వచ్చాక ఏమంటున్నాడు అనేది పక్కపక్కన పెట్టు. ఏ పార్టీ వాళ్లనీ వదలకు. నన్నడిగితే మొత్తం షీటులో జనం ఆగి చదివేది ఆ రెండు గళ్లే.

బడ్జెట్ సమావేశాల్లో పద్దుల మీద, అంటే ఒక్కో శాఖ ఖర్చు మీద, చర్చ జరిగే రోజులు మర్చిపోకు. వైద్యారోగ్యం, అడవులు, మున్సిపల్ పద్దులు వస్తాయి, ప్రతిపక్షం కోత తీర్మానాలు ఇస్తుంది. డబ్బులు తగ్గించమని అడిగినట్టు పైకి కనిపిస్తుంది గానీ, ఫలానా ఆసుపత్రిలో డాక్టర్లు లేరు, ఫలానా నాలాలో రసాయనాలు కలుస్తున్నాయి అని లిఖితపూర్వకంగా నమోదు చేయించే దారి అది. తెలియక 'ఆరోగ్యానికి నిధులు తగ్గించమన్న ఎమ్మెల్యే' అని నువ్వు ఎరుపు కొడితే నవ్వులపాలవుతాం. శాసనమండలి గురించి పెద్దగా బెంగ వద్దు, 40 మంది ఉన్నారు, బిల్లుని కొన్నాళ్లు ఆపగలరే తప్ప అడ్డుకోలేరు, అయితే అక్కడ కొన్నిసార్లు మాటలు నిదానంగా, వివరంగా ఉంటాయి, ఓసారి చూడు.

సమాచారం ఎక్కడ అంటావా, సభ జరిగినప్పుడు లైవ్ వస్తుంది, టైము రాసుకుని చూడు. బిల్లులు గెజిట్‌లో వస్తాయి, చట్టసభల పని మీద పరిశోధన చేసే ఢిల్లీలోని పీఆర్‌ఎస్ సంస్థ వాళ్లు రాష్ట్రాల బిల్లులు కూడా తమ సైటులో పెడతారు. జీవోల సైటు ఉంది, కానీ అక్కడ కనిపించేవే అన్నీ అనుకోకు. మిగతాది ఆర్టీఐ. శాసనసభ కార్యాలయానికి కూడా వర్తిస్తుంది, 10 రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు. 'పర్యావరణంపై ఎమ్మెల్యేల పనితీరు తెలపగలరు' అని రాశావంటే మర్యాదగా తిప్పి పంపుతారు. ఫలానా సమావేశాల్లో ఫలానా శాఖ మీద వచ్చిన ప్రశ్నల జాబితా, వేసిన సభ్యుల పేర్లు, ఇచ్చిన సవరణ నోటీసుల కాపీలు అని కాగితం పేరు పెట్టి అడుగు.

ఇంకో ముఖ్యమైన జాగ్రత్త. స్పీకర్ రికార్డుల్లోంచి తొలగించమన్న మాటల్ని మీ పోస్టుల్లో పెట్టకండి. లైవ్‌లో అందరూ విన్నదే కదా అంటారు మీ కుర్రాళ్లు, ఒప్పుకోవద్దు. సభాహక్కుల నోటీసు వస్తే మీ సంఘం సెక్రటరీ బీపీ ఏమవుతుందో నాకు తెలుసు. సభలో అన్నది అన్నట్టు, తేదీతో సహా పెట్టండి, పక్కన 'అమ్ముడుపోయాడు' లాంటి విశేషణాలు తగిలించకండి. తేదీ, మాట, మౌనం పక్కపక్కన ఉంటే విశేషణం చదివేవాళ్లే వేసుకుంటారు.

మార్కులు, రంగులు ఈ ఏడాదికి ఆపండి. మొదట మీ కాలనీ ఎమ్మెల్యే ఒక్కడి మీదే చేసి చూడండి. వచ్చే సమావేశాల కంటే ముందే ఆయన ఆఫీసుకి వెళ్లి, మీ చెరువులోకి మురుగు వదులుతున్న పైపు గురించి సభలో వేయాల్సిన ప్రశ్న మీరే రాసి ఇవ్వండి. ఏ శాఖ, ఏ సర్వే నంబరు, కాలుష్య నియంత్రణ మండలి ఎప్పుడు శాంపిల్ తీసింది, ఏం చర్య తీసుకుంది, నాలుగు లైన్లు చాలు. ప్రశ్నలకు ముందే నోటీసు ఇవ్వాలి కాబట్టి సమావేశాల తేదీ ప్రకటించేదాకా ఆగొద్దు. ఇచ్చినట్టు రసీదు తీసుకోండి, లేకపోతే ఇస్తూ ఫొటో దిగండి, వాళ్లకి ఫొటోలంటే ఎలాగూ ఇష్టమే. ప్రశ్న వేశాడా, వెయ్యలేదా, వేస్తే మంత్రి ఏం చెప్పారు అనేదే మీ మొదటి గడి. డ్రాఫ్టు రాసి వాట్సాప్‌లో పంపు, భాష నేను సరిచేస్తా, సర్వే నంబరు మాత్రం నువ్వే ఒకటికి రెండుసార్లు చూసుకో.

మీ అమ్మని అడిగానని చెప్పు.

మావయ్య