మధ్యలో పెద్దదిక్కు లేని సర్వీసుల్లో తప్పు ఎవరిదో తేల్చేదెలా?

వేర్వేరు సంస్థల సర్వీసులు ఆర్కెస్ట్రేటర్ (అన్నిటినీ నడిపించే కేంద్ర సర్వీసు) లేకుండా ఒకదాన్నొకటి నేరుగా పిలుచుకునే చోట, తేడా వస్తే ఎవరిని నిలదీయాలని అడిగారు. ముందుగా చెప్పేది: లాగ్‌లను (ప్రతి సర్వీసూ తన పనుల గురించి రాసుకునే చిట్టాలను) సాక్ష్యంగా నమ్ముకోకండి.

నేను పనిచేసిన ఒక వ్యవస్థలో ఒకే ఆర్డరుకు డబ్బు రెండుసార్లు కట్ అయ్యింది. మేం పంపిన రిక్వెస్టు ఒక్కటే అంది మా లాగ్. రెండు వచ్చాయంది పేమెంట్ సర్వీసు లాగ్. మధ్యలో ఉన్న సర్వీసు టైమవుట్ (జవాబు కోసం ఆగే గడువు ముగియడం) తర్వాత మళ్లీ పంపిందేమోనని అందరికీ అనుమానమే, వాళ్ల లాగ్‌లో ఆ ఊసే లేదు. ఎవరి లాగ్ వాళ్ల చేతిలోదే, దిద్దాలంటే క్షణం పట్టదు. ఎవరో అబద్ధమాడారని అనను. ఆడలేదని రుజువు చేసుకునే దారి కూడా ఎవరికీ లేకపోయింది, నిజాయితీపరులకు అదే పెద్ద అన్యాయం.

మెసేజీలకు హెచ్‌మ్యాక్ (రహస్య కీతో మెసేజీకి వేసే ముద్ర) రక్షణ ఉంది. కానీ ఆ కీ ఇద్దరి దగ్గరా ఒకటే. మెసేజీ దారిలో మారలేదని అందుకున్నవాళ్లకు తెలుస్తుంది గానీ, "ఇది వాళ్లే పంపారు" అని మూడోవారి ముందు నిరూపించలేరు. అందుకున్నవాళ్లే తయారుచేసి ఉండొచ్చు కదా! కనెక్షన్ మొదట్లో ఇరువైపులా గుర్తింపు సర్టిఫికెట్లు సరిచూసుకునే మ్యూచువల్ టీఎల్‌ఎస్‌తోనూ అంతే, కనెక్షన్ ముగిశాక చూపించడానికి ఏమీ మిగలదు.

తర్వాత ఒప్పందంలో పెట్టించుకున్నది ఇది. పిలిచే సర్వీసు తన ప్రైవేట్ కీతో (తన దగ్గర మాత్రమే ఉండే కీ; దాని జత అయిన పబ్లిక్ కీతో ఎవరైనా సంతకాన్ని సరిచూడొచ్చు) రిక్వెస్టుపై సంతకం చేయాలి. అందుకున్నది ఆ రిక్వెస్టు హ్యాష్ (దాని నుంచి లెక్కగట్టిన, వేలిముద్ర లాంటి కోడ్) చేర్చి, సంతకంతో రసీదు ఇవ్వాలి. అది మరో సర్వీసును పిలిస్తే, తనకొచ్చిన రిక్వెస్టు హ్యాష్‌ను కూడా జతచేయాలి. అలా చేస్తే ఏ పిలుపు దేనివల్ల పుట్టిందో వెనక్కి వెతుక్కుంటూ పోవచ్చు. హెచ్‌టీటీపీ మెసేజీలపై సంతకాల కోసం 2024లో వచ్చిన ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 9421 ప్రకారం రెస్పాన్సు సంతకంలోకి రిక్వెస్టు భాగాలనూ తేవచ్చు, కాబట్టి సొంత పద్ధతి కనిపెట్టనక్కర్లేదు. ట్రేస్‌పేరెంట్ హెడర్ (ఒకే పనికి చెందిన పిలుపులను కలిపే గుర్తింపు సంఖ్య) వెతకడానికి బాగుంటుంది, సంతకం లేదు గనక సాక్ష్యానికి పనికిరాదు.

అసలు చిక్కు మౌనంతోనే. రసీదు రాకపోతే, పంపలేదా, అందలేదా, అందినా దాచారా? ఏ క్రిప్టోగ్రఫీ దీన్ని తేల్చలేదు. అందుకే నియమంగానే రాసుకున్నాం: రసీదు చేతికొచ్చేదాకా బాధ్యత పంపినవారిదే, అదే ఐడెంపొటెన్సీ కీతో (ఆ ఒక్క పనికి ఇచ్చిన గుర్తింపు సంఖ్య) మళ్లీ పంపుతూ ఉండాలి. ఒకే కీతో ఎన్నిసార్లు వచ్చినా పని ఒక్కసారే జరిగేలా చూడటం అందుకున్నవారి బాధ్యత. ఈ రెండు వాక్యాలు రాయించుకోవడానికే సంతకాల కోడ్ కన్నా ఎక్కువ వాదించాల్సి వచ్చింది.

కీలు మార్చినప్పుడు పాత పబ్లిక్ కీలను, అవి ఎప్పటి నుంచి ఎప్పటిదాకా చెల్లుబాటయ్యాయో ఆ తేదీలతో సహా భద్రపరచండి. లేదంటే "ఆ కీ అప్పటికే రద్దయింది" అన్న ఒక్క మాటతో పాత రసీదులన్నీ వివాదంలో పడతాయి.