అట్ట వెనక్కి తిప్పండి, చిన్న అక్షరాల్లో ఉన్న పేర్లు చదవండి

"రాక్, బ్లూస్, జాజ్, స్వింగ్ వినడం మొదలుపెట్టాలని ఉంది. వినదగ్గ ఆల్బమ్స్ ఎలా కనుక్కోవాలి?" అని అడిగారు.

జాబితాల జోలికి మాత్రం పోకండి. "తప్పక వినాల్సిన వంద ఆల్బమ్స్" అని ఎవరో రాసినదాన్ని పట్టుకుని బయల్దేరినవాళ్లు పదో ఆల్బమ్ దగ్గర ఆగిపోతారు. ఇది ఎంతోమంది విషయంలో చూశాను. మొదటిదానికీ రెండోదానికీ సంబంధం ఉండదు కాబట్టి ఏదీ మనసులో నిలవదు. నా పద్ధతి ఒక్కటే. ఒక ఆల్బమ్ నచ్చిందంటే, ముందు పెద్ద అక్షరాల్లో ఉన్న పేరు పక్కన పెట్టి, వెనక చిన్న అక్షరాల్లో ఉన్నవాళ్లలో ఒకరిని పట్టుకోండి. బాస్ వాయించినాయన కావచ్చు, డ్రమ్స్ వాయించినాయన కావచ్చు, పాట రాసినాయన కావచ్చు. ఆయన ఇంకా ఎవరెవరితో పనిచేశాడో వెతుక్కుంటూ వెళ్లండి. గట్టి వాయిద్యగాళ్లు గట్టివాళ్లతోనే కూర్చుంటారు. అందుకే ఈ దారిలో చెత్త తగలడం చాలా అరుదు.

తెలుగువాళ్లకైతే ఈ దారి పాలకొల్లులోనే మొదలవుతుంది. మా ఇంట్లో మాండొలిన్ శ్రీనివాస్ కేసెట్లు అరిగిపోయేదాకా మోగేవి. తర్వాత ఒక స్నేహితుడి దగ్గర ఆయన పేరున్న సీడీ ఒకటి కనపడింది. రిమెంబర్ శక్తి బృందం 2000లో తెచ్చిన 'ది బిలీవర్'. వెనక నాలుగు పేర్లున్నాయి. శ్రీనివాస్, జాకిర్ హుస్సేన్, సెల్వగణేశ్ మనకి తెలిసినవాళ్లే. నాలుగో ఆయన జాన్ మెక్‌లాఫ్లిన్, యార్క్‌షైర్‌లో పుట్టిన గిటారిస్టు. మన శ్రీనివాస్ పక్కన కూర్చుని స్వరానికి స్వరం బదులిస్తున్న ఈ ఇంగ్లీషాయన అంతకుముందు ఏం చేసేవాడా అని వెతికితే అమెరికన్ జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ దగ్గర తేలాను.

1969 ఫిబ్రవరిలో మెక్‌లాఫ్లిన్, డ్రమ్మర్ టోనీ విలియమ్స్ బృందంలో చేరడానికి ఇంగ్లండ్ నుంచి న్యూయార్క్ వచ్చాడు. వచ్చీ రాగానే మైల్స్ స్టూడియోకి రమ్మన్నాడు. ఫిబ్రవరి 18న అలా రికార్డయినదే 'ఇన్ ఎ సైలెంట్ వే'. సరిగ్గా పది రోజులకి, ఫిబ్రవరి 28న, పాలకొల్లులో శ్రీనివాస్ పుట్టారు. ఈ రెండు తేదీలూ పక్కపక్కన చూసినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

జాజ్ అంటే భయపడేవాళ్లకి నేను మొదట చేతిలో పెట్టేది ఈ ఆల్బమే. రెండు వైపులూ కలిపి నలభై నిమిషాల లోపు. హెర్బీ హాన్‌కాక్, చిక్ కొరియా, జో జావినుల్ ముగ్గురూ కీబోర్డుల మీద ఉండి కూడా ఒకరి మీద ఒకరు పడరు. టోనీ విలియమ్స్ లాంటి ఉప్పెన డ్రమ్మర్ మొదటి వైపు దాదాపు హై-హ్యాట్ (కాలితో మూసి తెరిచే తాళాల జత) ఒక్కటే పట్టుకుని కూర్చుంటాడు. రెండో వైపు మొదట్లో వచ్చే మెత్తటి గిటార్ భాగం చివర్లో మళ్లీ వస్తుంది. వాళ్లు మళ్లీ వాయించింది కాదది. నిర్మాత టియో మాసెరో అదే టేపుని తెచ్చి చివర అతికించాడు. అయినా మధ్యలో జరిగినదంతా విన్నాక అదే భాగం చెవికి కొత్తగా తగులుతుంది.

మైల్స్ దగ్గర నుంచి వెనక్కి నడిస్తే 1959లో వచ్చిన 'కైండ్ ఆఫ్ బ్లూ' తగులుతుంది. దీన్ని అందరూ చెప్తారు, వినండి. కానీ అక్కడే ఆగిపోయేవాళ్లని చూస్తే నాకు బాధ. వెనక చూడండి, బాస్ అన్నచోట పాల్ చేంబర్స్ అని ఉంటుంది. మొదటి ట్రాక్‌లో రాగాన్ని ఎత్తుకునేది ఆయన బాసే, ట్రంపెట్ కాదు. ఆయన పేరు పట్టుకుంటే జాన్ కోల్‌ట్రేన్ 'బ్లూ ట్రెయిన్' దొరుకుతుంది. ఆర్ట్ పెప్పర్ 1957లో మైల్స్ బృందంలోని ముగ్గురితో కలిసి చేసిన ఆల్బమ్ దొరుకుతుంది. హ్యాంక్ మోబ్లీ 'సోల్ స్టేషన్', ఆలివర్ నెల్సన్ 'ది బ్లూస్ అండ్ ది ఆబ్‌స్ట్రాక్ట్ ట్రూత్' కూడా దొరుకుతాయి. ఇవి చాలు, ఒక ఏడాదికి సరిపడా సంగీతం. చేంబర్స్ ముప్పై మూడేళ్లకే పోయాడు. ఇంత పని చేసి పోయాడు.

ఇప్పుడు యాప్‌ల సంగతి. నేను వాడే యాప్‌లో ఆల్బమ్ తెరిస్తే బొమ్మ, పేరు, పాటల వరుస, అంతే. బాస్ ఎవరిదో, డ్రమ్స్ ఎవరివో తెలుసుకోవాలంటే ఎక్కడెక్కడో వెతుక్కోవాలి. 1957లో రికార్డయినదానికి సంవత్సరం 2007 అని వేస్తారు, సీడీ మళ్లీ అచ్చేసిన ఏడాది అది. ఇంకా ఘోరం, పియానో వాయించిన బిల్ ఎవాన్స్, శాక్సఫోన్ వాయించే బిల్ ఎవాన్స్ ఇద్దరు వేరు మనుషులు. పియానో ఆయన 1980లో పోయాడు. శాక్సఫోన్ ఆయన ఆ తర్వాత మైల్స్‌తోనూ, మెక్‌లాఫ్లిన్‌తోనూ వాయించాడు. ఇద్దరి ఆల్బమ్స్‌నీ ఒకే పేజీలో కుక్కిన యాప్‌ని నేను కళ్లారా చూశాను. కోట్ల పాటలున్నాయని చెప్పుకునేవాళ్లకి ఇద్దరు మనుషుల్ని విడదీసి చూపించే ఓపిక లేదా?

పేర్లు చదివే అలవాటు నాకు చేసింది లాలాగూడలో ఉండే ఒక అంకుల్. ఆంగ్లో ఇండియన్, రైల్వేలో ఇంజిన్ డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. వయసులో ఉన్నప్పుడు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో క్రిస్మస్ డాన్సులంటే ఆయన లేకుండా జరిగేవి కాదట. పెర్త్‌లో స్థిరపడిన చెల్లెలు పంపిన ఎల్పీలన్నీ బీరువాలో, చీరల మధ్య పెట్టేవారు, వేడికి వంగిపోకుండా. ఒక మే నెల మధ్యాహ్నం ఆయన ఇంటికి వెళ్తే, అణుబాంబు పేలుతున్న బొమ్మ ఉన్న అట్ట ఒకటి తీశారు. కౌంట్ బేసీ ఆర్కెస్ట్రా 1957లో రికార్డు చేసి మరుసటి ఏడాది విడుదల చేసిన 'ది అటామిక్ మిస్టర్ బేసీ'. నేను బొమ్మ చూస్తుంటే చేతిలోంచి లాక్కుని తిప్పి ఇచ్చారు.

"బొమ్మ తర్వాత చూద్దువు మ్యాన్. పేర్లు చదువు, గట్టిగా."

చదివాను. ట్రంపెట్లు, ట్రాంబోన్లు, శాక్సఫోన్లు, పియానో, బాస్, డ్రమ్స్. గిటార్ అన్నచోట ఫ్రెడ్డీ గ్రీన్ అని ఉంది. అక్కడ ఆపమన్నారు. చివరి ట్రాక్ మీద ముల్లు పెట్టి, "ఈయన ఎక్కడున్నాడో చెప్పు" అన్నారు. అది చాలా నిదానమైన పాట. నీల్ హెఫ్టీ దాన్ని ఇంకాస్త జోరుగా రాశాడట, బేసీ పట్టుబట్టి నెమ్మదింపజేశాడు. శాక్సఫోన్లన్నీ ఒకే ఊపిరి తీస్తున్నట్టు వచ్చాయి, మధ్యలో ట్రంపెట్ సోలో వచ్చింది, పియానో అక్కడక్కడా రెండు చుక్కలు పెట్టి వెళ్లిపోయింది. గిటార్ మాత్రం ఎక్కడా లేదు. అదే చెప్పాను.

అంకుల్ లేచి వెళ్లి సీలింగ్ ఫ్యాన్ ఆపేశారు. మే నెల, రేకుల వరండా పక్క గది, ఉక్కపోతకి చొక్కా వీపుకి అతుక్కుపోయింది. కిటికీ కూడా మూసేశారు. ముల్లు మళ్లీ మొదట్లో పెట్టి, నా ఎదురుగా నిలబడి, కుడి కాలు నేల మీద మెల్లగా ఆనించడం మొదలుపెట్టారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆయన కాలి చప్పుడు వింటూ ఉంటే దాని కిందే ఇంకొక చప్పుడు ఉందని తెలిసింది. పొడిగా, చిన్నగా, తీగల్ని అలా తడిమి వదిలేసినట్టు, మాత్రకొకటి చొప్పున నాలుగు మాత్రలూ. పాట మొదటి నుంచీ ఉంది అది. ఆయన కాలు ఆపేశారు, నాకు గిటార్ వినపడుతూనే ఉంది.

"ట్రంపెట్లు చెవికి. డాన్స్ ఫ్లోర్ మీద మన కాళ్లు వినేది మాత్రం ఈయన్నే" అన్నారు అంకుల్. స్వింగ్ గురించి, అంటే డాన్సు కోసం వాయించే జాజ్ గురించి, ఇంతకన్నా మంచి మాట నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ఫ్రెడ్డీ గ్రీన్ 1937లో బేసీ దగ్గర చేరి 1987లో చనిపోయేదాకా ఆ కుర్చీ దాదాపు వదల్లేదు. బేసీ పోయాక కూడా ఆర్కెస్ట్రాతోనే ఉన్నాడు. సోలోలు దాదాపు లేవు. ఆయన పేరు పట్టుకుని వెళ్తే క్లారినెట్ వాయించే బెన్నీ గుడ్‌మన్ 1938 జనవరి 16న కార్నెగీ హాల్‌లో చేసిన కచేరీ ఆల్బమ్ దగ్గరకి వస్తారు. అందులో బేసీ మనుషులు వేదిక ఎక్కి వాయించే జామ్ ఒకటుంది, గ్రీన్ ఉన్నాడు, శాక్సఫోన్ వాయించే లెస్టర్ యంగ్ ఉన్నాడు. అక్కడి నుంచి లెస్టర్ యంగ్, ఆయన నుంచి గాయని బిల్లీ హాలిడే పాత రికార్డులు. ఒక్క పేరుకి ఇంత దారి. ఒక మాట, దయచేసి గుప్పెడంత బ్లూటూత్ స్పీకర్‌లో ఫ్రెడ్డీ గ్రీన్ కోసం వెతక్కండి. మామూలు వైర్ ఇయర్‌ఫోన్ పెట్టుకున్నా అంతకన్నా నయం. వేలకి వేలు పోసి కొత్త ఎల్పీలు కొని గోడకి అలంకరణగా పెట్టుకునేవాళ్ల కంటే ఆ ఇయర్‌ఫోన్ వాడే ఎక్కువ వింటాడు.

బ్లూస్‌కి రాక్ నుంచి రావాలనుకుంటే పాటలు రాసినవాళ్ల పేర్లు చూడండి. లెడ్ జెపెలిన్ మొదటి ఆల్బమ్‌లో, డోర్స్ మొదటి ఆల్బమ్‌లో, క్రీమ్ మొదటి ఆల్బమ్‌లో మూడింట్లోనూ విల్లీ డిక్సన్ అనే పేరు కనపడుతుంది. షికాగోలో చెస్ అనే రికార్డుల కంపెనీకి పాటలు రాస్తూ, బాస్ వాయిస్తూ బతికిన మనిషి. ఆయన్ని వెంబడిస్తే బ్లూస్ గాయకుడు హౌలిన్ వుల్ఫ్ 1962 ఆల్బమ్ వస్తుంది, అట్ట మీద మనిషి ఉండడు, ఊగే కుర్చీ, దానికి ఆనించిన గిటార్ ఉంటాయి. అందులో ఎక్కువ పాటలు డిక్సన్‌వే. తర్వాత మడ్డీ వాటర్స్ 'ఫోక్ సింగర్' వినండి, 1964. డిక్సన్ బాస్, కుర్రాడిగా ఉన్న బడ్డీ గై గిటార్. రాత్రి పూట వింటే మడ్డీ మీ గదిలో కూర్చుని పాడుతున్నట్టే ఉంటుంది. బ్రిటిష్ రాక్ అంతా డిక్సన్, మడ్డీ ఇద్దరి అప్పు మీద నడిచిందని నా గట్టి నమ్మకం. ఆ అప్పు కొన్నిసార్లు కోర్టుకెక్కితే గానీ తీరలేదు. లెడ్ జెపెలిన్ రెండో ఆల్బమ్ మొదటి పాట మీద డిక్సన్ 1985లో కేసు వేశాడు, రెండేళ్లకి రాజీ కుదిరింది.

పేర్లు వేయకపోతే ఏమవుతుందో డెట్రాయిట్‌లోని మోటౌన్ రికార్డుల కంపెనీని చూస్తే తెలుస్తుంది. దాని హిట్ పాటల్లో చాలావాటి వెనక ఉన్నది ఒకే వాయిద్య బృందం, ఫంక్ బ్రదర్స్. 1971లో మార్విన్ గే ఆల్బమ్ 'వాట్స్ గోయింగ్ ఆన్' వచ్చేదాకా దాదాపు ఏ అట్ట మీదా వాళ్ల పేర్లు వేయలేదు. జేమ్స్ జేమర్సన్ బాస్ విని ఒక తరం మొత్తం బాస్ నేర్చుకుంది, ఆయన పేరేమిటో తెలియకుండానే.

మన దగ్గరైతే ఇంకా అన్యాయం. కచేరీలో కనీసం వయొలిన్ ఎవరో, మృదంగం ఎవరో పత్రికలో వేస్తారు, వేదిక మీద శాలువా కప్పుతారు. మన సినిమా పాటల రికార్డు తీసి చూడండి. గాయకులు, రచయిత, సంగీత దర్శకుడు, అంతే. పల్లవికి ముందు ఏడుపు తెప్పించే ఆ వేణువు ఎవరిది? రెండో చరణం ముందు వచ్చే వీణ ఎవరిది? దశాబ్దాల పాటు మద్రాసులో కోడంబాక్కం, వడపళని రికార్డింగ్ థియేటర్లలో పొద్దున్నే వెళ్లి కూర్చుని, నొటేషన్ చూసి వాయించి, కూలి తీసుకుని ఇంటికి వెళ్లినవాళ్లు వందలమంది. వాళ్లు వాయించిన ముక్కల్ని ఇప్పటికీ మనం ఈలవేస్తాం. ఫ్రెడ్డీ గ్రీన్ 1957లో ఏ రోజు ఏ స్టూడియోలో ఉన్నాడో నేను చెప్పగలను, మా అమ్మకి ప్రాణమైన పాటలో సితార్ ఎవరు వాయించారో చెప్పలేను. ఇది నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

మీ బంధువుల్లో, మీ వీధిలో సినిమా ఆర్కెస్ట్రాలో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే వెళ్లి కూర్చోండి. ఏ పాట, ఏ వాద్యం, ఏ థియేటర్, పక్క కుర్చీలో ఎవరున్నారు అని అడిగి రాసిపెట్టండి, ఫోన్‌లో రికార్డు చేయండి. పాట వినిపిస్తే వాళ్లకి చాలా గుర్తొస్తుంది, ఫోన్‌తో పాటు చిన్న స్పీకర్ ఒకటి పట్టుకెళ్లండి. ఎనభై దాటినవాళ్ల దగ్గరకి ముందు వెళ్లండి.