స్‌ప్లాస్ట్ డబ్బుతో కంపెనీకి నగదు ఇవ్వలేరు, దాని స్థలం దాకా రోడ్డు వేయొచ్చు

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో మీ కౌంటీ (జిల్లా లాంటిది) స్‌ప్లాస్ట్ పన్ను, అంటే ఓటర్ల ఆమోదంతో నిర్ణీత పనుల కోసం వేసే ప్రత్యేక స్థానిక అమ్మకపు పన్ను నుంచి కొత్త కంపెనీకి నగదు ప్రోత్సాహకం, అభివృద్ధి కార్యాలయానికి జీతాలు ఇవ్వొచ్చా అని అడిగారు. రెండూ కుదరవండి. ఈ 1 శాతం శాశ్వత ఆస్తులకే. ప్రభుత్వ సొమ్మును ఊరికే ధారపోయడాన్ని రాష్ట్ర రాజ్యాంగమే నిషేధించింది. జీతాలు జనరల్ ఫండ్‌లో, అంటే కౌంటీ మామూలు ఖర్చుల నిధిలో చూసుకోవాలి.

కుదిరేది ఏంటంటే, పరిశ్రమలు రావాల్సిన స్థలం దాకా ప్రజల రోడ్డు, మంచినీటి పైపు, మురుగు లైను. కంపెనీలు ముందు అడిగేవీ అవే.

ఈ పన్ను వేయాలంటే ముందు కౌంటీ కమిషనర్లు కౌంటీలోని పట్టణాలతో సమావేశం పెట్టాలి, కనీసం 10 రోజుల ముందు నోటీసుతో. ఆ సమావేశానికీ పన్నుపై ఓటింగ్ ప్రకటనకూ మధ్య కనీసం 30 రోజులు ఉండాలి. పట్టణాలతో ఒప్పందం కుదిరితే పన్ను 6 ఏళ్లు నడుస్తుంది, లేకపోతే సాధారణంగా 5.

ఎక్కువగా దెబ్బతినేది బ్యాలెట్‌పై పన్ను దేనికో రాసే మాటల్లోనే. "రోడ్లు" అని మాత్రమే రాయించుకుని, తర్వాత మురుగు లైనుకు ఖర్చు పెట్టలేరు. కాబట్టి రెండూ పేరుపెట్టి రాయించండి. రాబడి అంచనా తక్కువగానే వేయండి.

ఓటర్లకు ఇలా చెప్పండి: ఇంటికి కొనే 40 డాలర్ల బియ్యం బస్తాపై రాష్ట్ర 4 శాతం పన్ను ఉండదు, స్థానిక పన్ను ఉంటుంది. అందులో 40 సెంట్లు స్‌ప్లాస్ట్‌వి. ఆ సెంట్ల లెక్క ఏటా డిసెంబర్ 31 లోపు, ప్రాజెక్టుల వారీగా, పత్రికలో వేయాల్సిందే.