గాడిద మెదడు మీద పని మొదలుపెట్టే ముందు

అమ్మా,

నీ పీజీ థీసిస్‌కి గాడిద మెదడు బయటి నిర్మాణం ఖాయమైందని విన్నాను, సంతోషం. పుస్తకాల్లో గుర్రం మెదడు బొమ్మలు బోలెడుంటాయి. గాడిద దగ్గరికి వచ్చేసరికి చాలామంది "గుర్రంలాగే" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నువ్వు మాత్రం ముందు కళ్లతో చూసింది గీయి, పేర్లు తర్వాత పెట్టొచ్చు.

తలలు దొరకడమే కష్టం. 2012లో దేశం మొత్తం మీద 3.2 లక్షలున్న గాడిదలు 2019 పశుగణనకి 1.2 లక్షలకి పడిపోయాయి. అలాగని చచ్చిన గాడిద ఉందని ఫోన్ రాగానే కత్తి పట్టుకుని పరుగెత్తకు. యజమాని అనుమతి కాగితం మీద తీసుకో. ఎలా పోయిందో అడుగు. ఉన్నట్టుండి పడిపోయి, ముక్కులోంచో ఆసనంలోంచో గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే ఆంత్రాక్స్ (దొమ్మరోగం) అనుమానించాలి, దాన్ని కొయ్యనే కూడదు. కుక్క కరిచిందనో, పిచ్చెక్కినట్టు చేసిందనో చెబితే ఆ తల రేబిస్ పరీక్షకి పోవాలి, నీకు కాదు. నువ్వు రేబిస్‌కి ముందస్తు టీకాలు వేయించుకున్నాకే ఏ తలైనా ముట్టుకో.

పుర్రె కోసేటప్పుడు నుదుటి దగ్గర రంపం ఖాళీలోకి దిగుతుంది. మెదడు వచ్చేసిందని టెన్షన్ పడకు, అది సైనస్, నుదుటి ఎముకలో ఉండే గాలి గది. అసలు ప్రమాదం వెనక ఉంది. పెద్ద మెదడుకీ చిన్న మెదడుకీ మధ్యకి పైనుంచి ఎముక పలక ఒకటి దిగి ఉంటుంది, టెంటోరియం. పుర్రె కప్పుని ఒక్కసారిగా లాగితే అది మెదడుని చీరేస్తుంది. కప్పుని కొంచెం ఎత్తి, మెదడుని కప్పి ఉండే దళసరి డ్యూరా పొరని కత్తెరతో విడదీస్తూ మెల్లగా తీయి.

తర్వాత తల బోర్లించు, మెదడు తన బరువుకే కిందికి జారుతుంది. అరచెయ్యి అడ్డంపెట్టి ముందునుంచి నరాలు తెంచుకుంటూ రా. అన్నిటికన్నా ముందు ఘ్రాణ బల్బులు, అంటే వాసన పట్టే మెదడు భాగాలు. ముక్కు వెనక గుంటలో లోతుగా కూర్చుని ఉంటాయి, లాగితే అక్కడే తెగి ఉండిపోతాయి. స్కాల్పెల్ పిడితో చుట్టూ వదులు చేసి తీయాలి. వాటి సైజు చూశాక గాడిదకేం తెలుసు గంధపు వాసన అనబుద్ధి కాదు!

తాజా మెదడు జున్నులా ఉంటుంది, గిన్నె అడుక్కి ఆనితే చదునైపోతుంది. మెదడు అడుగువైపు నడిమధ్యన పోయే రక్తనాళం, బేసిలార్ ధమని, కింద నుంచి దారం పోనిచ్చి, మెదడు కుళ్లకుండా గట్టిపరిచే 10 శాతం ఫార్మలిన్ ద్రావణంలో తలకిందులుగా వేలాడదీయి. గాలి ఆడే చోటే పని చేయి, ఆ ఆవిరి మంచిది కాదు.

గట్టిపడ్డాక పలచటి పొరలు ఒలుచు. వాటిలో అరాక్నాయిడ్ అనే పొర మెదడు మీది గాడుల మీదుగా వంతెనలా పోతుంది కాబట్టి అది ఉన్నంతసేపూ ఆ గాడులు, అంటే సల్కస్‌లు, సగమే కనిపిస్తాయి. పక్కవైపు రైనల్ సల్కస్‌తో మొదలుపెట్టు. దాని పైన సిల్వియన్ చీలిక, ఇంకా పైన సుప్రాసిల్వియన్, నడినెత్తి పక్కన మార్జినల్. ఈ నాలుగూ దొరికితే మిగతావాటికి దారి దొరికినట్టే. చిన్నచిన్న గీతలు ఒక్కో జంతువులో ఒక్కోలా ఉంటాయి, ఒకే మెదడులో కుడి ఎడమలు కూడా కలవవు. అందుకని ఒకవైపు గీసి రెండోవైపు అద్దంలో తిప్పినట్టు వేసెయ్యకు. చిన్న మెదడులో వెర్మిస్ (నడిమి భాగం) వెనకవైపు పక్కకి మెలితిరిగి కనిపిస్తే నీ చెయ్యి తగిలి వంగిందని కంగారుపడకు, దాని తీరే అంత.

బరువు మాత్రం ఫార్మలిన్‌లో వేయకముందే తూచి రాసుకో, తర్వాత మారిపోతుంది. ఏ గాడిదది, వయసెంత, ఆడో మగో రాసిన చీటీ కూడా ఆ దారానికే కట్టు, పెన్సిల్‌తో రాయి. పెన్ను సిరా ఫార్మలిన్‌లో ఆగదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు