కాటా గేటు దగ్గర, కంప్యూటర్ ఆఫీసులో: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: బంగారుపాళ్యం దగ్గర మాకు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉంది. వేబ్రిడ్జి గేటు దగ్గర, బిల్లులు వేసే కంప్యూటర్ 140 మీటర్ల అవతల ఆఫీసులో. బరువు చూపే ఇండికేటర్‌కు తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు తప్ప మరేమీ లేదు. తోతాపురి లోడ్లు మొదలయ్యేలోపు బరువు నేరుగా ఆఫీసులో కనబడాలి. ఏం చేయాలి?

జవాబు: మీ తొమ్మిది పిన్నుల పోర్టు వాడే పద్ధతి ఆర్‌ఎస్-232. దాన్ని 15 మీటర్లు దాటితే నమ్మలేం. ఈథర్నెట్ రాగి కేబుల్‌కు హద్దు 100 మీటర్లు. కాటా క్యాబిన్‌లోనే ఒక సీరియల్ డివైస్ సర్వర్ పెట్టి (షాపుల్లో సీరియల్ టు ఈథర్నెట్ కన్వర్టర్ అని అడగండి), అక్కడి నుంచి ఆఫీసుకు ఫైబర్ లాగండి. రెండు కొసలకూ కలిపి ఒక జత మీడియా కన్వర్టర్లు (రాగి సిగ్నల్‌ను ఫైబర్‌లో కాంతిగా, మళ్లీ రాగికి మార్చేవి) కావాలి. మధ్యలో నెట్‌వర్క్ స్విచ్ పెట్టి రాగితోనే లాగొచ్చు గానీ, వద్దనే చెబుతాం. మామిడి రోజుల్లోనే మనకు ఉరుముల వానలు. దగ్గర్లో పిడుగు పడితే ఆ పొడుగాటి రాగి తీగలో పుట్టే ఓల్టేజీ ఇటు ఇండికేటర్‌నూ అటు స్విచ్‌నూ తినేస్తుంది. ఫైబర్‌లో కరెంటు పారదు. ఇనుప తొడుగు లేని రకమే తీసుకోండి.

ఎక్కువమంది రోజంతా పోగొట్టుకునేది చివరి అర మీటరు సీరియల్ కేబుల్ దగ్గరే. ఏదీ కలపకముందు మల్టీమీటర్‌ను డీసీలో పెట్టి, నల్ల ప్రోబ్ 5వ పిన్నుకు, ఎర్రది 2కు, తర్వాత 3కు ఆనించండి. మైనస్ 5 నుంచి మైనస్ 12 ఓల్టులు చూపే పిన్నే పంపేది. సీరియల్ కన్వర్టర్‌నూ అలాగే చూడండి (ఇక నుంచి కన్వర్టర్ అంటే ఇదే). రెండింటిలోనూ పంపేది ఒకే నంబరు పిన్ను అయితే 2, 3 తిరగేసిన క్రాస్ కేబుల్ కావాలి. వేరువేరైతే నేరు కేబుల్ చాలు.

కన్వర్టర్‌కు రూటర్ తానే పంచే అడ్రసుల వరుసలో లేని స్థిర ఐపీ అడ్రసు ఇవ్వండి. బాడ్ రేటు (పంపే వేగం), డేటా బిట్లు, పారిటీ (తప్పు పట్టే అదనపు బిట్), స్టాప్ బిట్లు ఇండికేటర్ మెనూలో ఉన్నట్టే పెట్టండి. తెర మీద అంతా పిచ్చి గీతలైతే ముందు బాడ్ రేటును అనుమానించండి. 0, 3, 5, 6, 9 సరిగ్గా వచ్చి 1, 2, 4, 7, 8 మాత్రం చెడిపోతుంటే, ఇండికేటర్ 7 బిట్లు, ఈవెన్ పారిటీతో పంపుతుంటే మీరు 8 బిట్లుగా చదువుతున్నారన్నమాట.

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కు కామ్ పోర్టు (కంప్యూటర్‌లోని సీరియల్ పోర్టు) తప్ప తెలియకపోతే, కన్వర్టర్ తయారీదారు ఇచ్చే వర్చువల్ కామ్ డ్రైవర్ వేయండి. నంబరు 10 లోపే ఉంచండి, పాత సాఫ్ట్‌వేర్లు అంతకు మించితే చూడవు.

రైతు డబ్బుతో ముడిపడ్డ జాగ్రత్త ఒకటుంది. 12450 అనే బరువు నెట్‌వర్క్ మీద 124గా, 50గా రెండు ముక్కలై రావచ్చు. కన్వర్టర్‌లో ప్యాకింగ్ డీలిమిటర్‌ను (ఏ గుర్తు రాగానే ముక్క పూర్తయిందనుకోవాలో చెప్పేది) ఇండికేటర్ వరుస ముగింపుకు, సాధారణంగా 0డీ 0ఏకు, సెట్ చేయండి. అంతటితో ఆగకుండా, పూర్తి వరుస వచ్చాకే అంకె తీసుకునేలా సాఫ్ట్‌వేర్ వాళ్లతో రాయించండి. ఇండికేటర్ ఆగకుండా పంపుతుంటే బఫర్‌లో (వచ్చిన డేటా ఆగి ఉండే చోటు) ముందు లారీ బరువు మిగిలి ఉండొచ్చు. బటన్ నొక్కగానే బఫర్ ఖాళీ చేసి, ఆ తర్వాత వచ్చిన బరువే పట్టుకోవాలి.

ప్రశ్న: రేణిగుంటలో మా యూనిట్‌లో ఎనిమిది ఎనర్జీ మీటర్లు ఆర్‌ఎస్-485 (ఒకే జత తీగల మీద చాలా పరికరాలు కలిసే సీరియల్ పద్ధతి) మీద ఉన్నాయి. కన్వర్టర్ పెట్టినా మోడ్‌బస్ టీసీపీ సాఫ్ట్‌వేర్‌కు ఒక్క రీడింగూ రావడం లేదు.

జవాబు: మీ కన్వర్టర్ బైట్లను ఉన్నవున్నట్టు మోసేది అయ్యుంటుంది. మీటర్లు సీరియల్ తీగ మీద మాట్లాడేది మోడ్‌బస్ ఆర్‌టీయూ, సాఫ్ట్‌వేర్ నెట్‌వర్క్ మీద మాట్లాడేది మోడ్‌బస్ టీసీపీ. ఆర్‌టీయూ ఫ్రేముకు (ఒక సందేశానికి) చివర 2 బైట్ల సీఆర్‌సీ, అంటే తప్పులు పట్టే కోడు, ఉంటుంది. టీసీపీలో అది ఉండదు, ముందు 7 బైట్ల హెడర్ వస్తుంది. కాబట్టి మోడ్‌బస్ గేట్‌వే మోడ్ ఆన్ చేయాలి, పోర్టు 502. ఆ మోడ్ లేకపోతే గేట్‌వే కొనక తప్పదు. మీటర్లకు 1 నుంచి 8 దాకా వేరువేరు అడ్రసులు, అన్నిటికీ ఒకే బాడ్ రేటు. తీగ మీటరు నుంచి మీటరుకు గొలుసులా పోవాలి, ఒక చోటి నుంచి కొమ్మల్లా చీలకూడదు. రెండు చివర్లలో మాత్రమే 120 ఓమ్‌ల రెసిస్టర్. ఏ, బీ పేర్లను కంపెనీలు తారుమారుగా వాడతాయి కాబట్టి, జవాబు రాకపోతే ఆ రెండు తీగలు మార్చి చూడండి, ఏమీ కాలదు.

ప్రశ్న: పుత్తూరులో మా దగ్గర కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ పోర్టు బిజీ అంటోంది. కన్వర్టర్ ఆపి మళ్లీ ఆన్ చేస్తేనే కలుస్తుంది.

జవాబు: కన్వర్టర్ యూపీఎస్ మీద, కంప్యూటర్ నేరు కరెంటు మీద ఉన్నట్టుంది. కంప్యూటర్ చెప్పకుండా ఆరిపోయింది గనుక, పాత కనెక్షన్ ఇంకా బతికే ఉందని కన్వర్టర్ అనుకుంటుంది. అది ఒక్క కనెక్షన్‌నే ఒప్పుకునేలా ఉంటే కొత్తదానికి చోటుండదు. కన్వర్టర్ సెట్టింగుల్లో టీసీపీ కీప్ అలైవ్‌ను (అవతలి కొస ఉందా అని చూసే గడువు) 1 నిమిషానికి తగ్గించండి. కనెక్షన్ల సంఖ్య పెంచి సరిపెట్టుకోకండి, రెండు కంప్యూటర్లు ఒకేసారి ప్రశ్న అడిగితే జవాబులు కలగాపులగమవుతాయి.